లోపమున్న వస్తువు, కలిగిన గాయము, రావలసిన పరిహారము

2022వ సంవత్సరము ఏప్రిల్ నెలలో విజయవాడ నగరమున ఒక గృహములో చార్జింగునకు పెట్టియుంచిన విద్యుత్ స్కూటరు బ్యాటరీ ప్రేలిపోయెను. ఇంటి యజమాని మరణించెను. ఆయన భార్యకు తీవ్రమైన కాలిన గాయములు తగిలెను. అదే నెలలో నిజామాబాదునందును ఇట్టి ప్రేలుడు వలననే ఒక వృద్ధుడు ప్రాణములు కోల్పోయెను. ఆ యేటనే కొన్ని కంపెనీలు తాము విక్రయించిన స్కూటర్లను వేలకొలది వెనుకకు పిలిపించి పరీక్షింపవలసి వచ్చినది. కేంద్ర ప్రభుత్వము బ్యాటరీల భద్రతా నియమములను బిగించి, వానిని 2022 డిసెంబరు 1 నుండి ఒక దశగాను, 2023 మార్చి 31 నుండి రెండవ దశగాను అమలునకు తెచ్చినది. సర్జాపురము రోడ్డు మీద ఉదయము ఎనిమిది గంటల వేళ నిలుచున్నవారికి, మన పిల్లలలో ఎందరు ఇట్టి స్కూటర్ల మీద బడికి వచ్చుచున్నారో వేరుగ చెప్పనక్కరలేదు.

కుక్కరు ప్రేలినను, గీజరు షాకు కొట్టినను, మిక్సీ జారు పగిలి చేయి తెగినను మనవారు సాధారణముగా అనుకొను మాటలు రెండే. ఒకటి, "మన తలరాత" అనుట. రెండవది, "అంత పెద్ద కంపెనీతో మనమెక్కడ పోరాడగలము" అనుట. మొదటి మాటకు మేము సమాధానము చెప్పలేము. రెండవ మాట మాత్రము నేటి చట్టము ననుసరించి సరియైనది కాదు. ఆ సంగతి తలిదండ్రులకు తెలియజెప్పుటకే ఈ వ్యాసము.

ఈ న్యాయమునకు మూలము ఒక పానీయపు సీసా. 1928 ఆగస్టులో స్కాట్లండు దేశములోని పెయిస్లీ పట్టణమున డొనొహ్యూ అను స్త్రీకి ఆమె స్నేహితురాలు అల్లపు పానీయమొకటి కొని యిచ్చెను. సీసా ముదురు రంగుది. లోపల నేమున్నదో కానరాదు. కొంత త్రాగిన పిమ్మట మిగిలినది వంపగా అందులో కుళ్ళిన నత్త బయటపడినదనియు, దానివలన తాను జబ్బుపడితిననియు ఆమె దావా వేసెను. సీసాను కొన్నది ఆమె కాదు. డబ్బు చెల్లించినది వేరొకరు, అమ్మినది అంగడివాడు, తయారుచేసినవాడు మరియొకడు. అయినను 1932లో బ్రిటిష్ ప్రభువుల సభ, వస్తువును తుదకు వాడుకొనువారి యెడల తయారీదారునకు బాధ్యత కలదని తీర్పు చెప్పెను. కొన్నవారికే గాని వాడినవారికి హక్కు లేదను పాత వాదము అంతటితో కూలిపోయినది. కాని ఆ న్యాయము ప్రకారము తయారీదారు అజాగ్రత్తగా నుండెనని బాధితుడు నిరూపింపవలెను. కర్మాగారము గోడల లోపల జరిగిన అజాగ్రత్తను బయటివాడు నిరూపించుట యెట్లు? అదే చిక్కు.

మన దేశమున 1986లో వినియోగదారుల రక్షణ చట్టము వచ్చినది. దాని స్థానమున 2019లో చేయబడిన క్రొత్త చట్టము 2020 జులై నుండి అమలులోనున్నది. ఇందులో వస్తువు వలన కలిగిన హానికి బాధ్యతను గూర్చి ప్రత్యేకముగ ఒక అధ్యాయమే కలదు. వస్తువు తయారీలో లోపమున్నను, రూపకల్పనలోనే లోపమున్నను, నిర్ణీత ప్రమాణములకు భిన్నముగ తయారైనను, ఇచ్చిన హామీకి తగినట్లు లేకున్నను తయారీదారు పరిహార మీయవలెను. హామీ యిచ్చుటలో తన అజాగ్రత్తగాని మోసముగాని లేదని అతడు నిరూపించుకొన్నను హామీ తప్పిన బాధ్యతనుండి తప్పించుకొనజాలడు. వస్తువు లోపమును, దానివలన కలిగిన హానిని బాధితుడు చూపవలెను. కర్మాగారములో ఎవడు నిద్రపోయెనో చూపనక్కరలేదు.

ఈ వరుసలో అయిదవది యొకటి కలదు. దానిని మన పాఠశాల తలిదండ్రులు ప్రత్యేకముగ గుర్తింపవలెను. హాని కలుగకుండ వాడవలసిన విధమును, చేయవలసిన హెచ్చరికను చాలినంతగ తెలుపకుండుట కూడ చట్టము దృష్టిలో బాధ్యతకు కారణమే. మన యిండ్లలో తెలుగు చదువగలవారు, కన్నడము మాటలాడగలవారు కలరు గాని, చీమ తలలంత అక్షరములతో ఆంగ్లమున అచ్చొత్తిన కాగితమును చదివి అర్థము చేసికొనువారు ఎందరు? ప్యాకెట్టు మీది వివరములు హిందీలో గాని ఆంగ్లములో గాని ఉన్న చాలునని తూనికలు కొలతల నియమములు చెప్పుచున్నవి. కనుక తెలుగులో లేదను ఒక్క కారణముతో దావా నిలువదు. అయినను చెప్పవలసిన ప్రమాదమును ఏ భాషలోను చెప్పనిచో అది తయారీదారు తప్పే యగును. చెప్పినచో, చదువలేదను బాధ మనదే. వస్తువు కొన్ననాడే ఆ కాగితమును పిల్లలచేత బిగ్గరగ చదివించి అర్థము చెప్పించుకొనుడని మా సలహా. వారికి ఆంగ్ల పాఠమును, మీకు రక్షణయు ఏకకాలమున సిద్ధించును.

ఎవరు ఫిర్యాదు చేయవచ్చును? కొన్నవారే కాక, వారి అనుమతితో వాడుకొన్నవారును చేయవచ్చును. బాధితుడు మరణించినచో వారసులు, మైనరు పిల్లలైనచో తల్లియో తండ్రియో చేయవచ్చును. వ్యాపారమునకు కొన్న వస్తువులకు ఈ చట్టము వర్తింపదు; కాని స్వయముగా పనిచేసికొని పొట్టపోసికొనుటకే కొన్నచో వర్తించును. ఇంటిలో కుట్టుమిషను పెట్టుకొన్న తల్లియు, టిఫిను బండికి గ్రైండరు కొన్న తండ్రియు వెనుదీయనక్కరలేదు. తయారీదారు ఎవరో తెలియని వస్తువైనచో అమ్మినవానినే అడుగవచ్చును. వస్తువు వెల వేరు, గాయమునకు పరిహారము వేరు. వైద్యపు ఖర్చు, పోయిన కూలి, గాయముతో కలిగిన మనోవేదన, కాలిపోయిన ఇతర సామగ్రి, ఇవన్నియు అర్జీలో విడివిడిగ వ్రాయవలెను.

ఇక అన్నిటికంటె ముఖ్యమైన మాట. అర్జీ వ్రాయించుకొనుటకు మా కార్యాలయమునకు వచ్చువారిని "ఆ వస్తువెక్కడ?" అని అడిగినచో, తరచుగ వచ్చు జవాబు "పాతసామానుల వానికి వేసితిమి" అనునదే! ఇరువది రూపాయల యినుము కొరకు కేసునకు ప్రాణమైన సాక్ష్యమును అమ్ముకొనుచున్నారు. పరీక్ష లేనిదే లోపము తేలదని తోచినప్పుడు కమిషను ఆ వస్తువును ముద్రవేసి ప్రయోగశాలకు పంపును. వస్తువే లేనిచో దేనిని పంపుట? కాబట్టి పగిలిన మూత, వాల్వు, రబ్బరు, తునకలు, అట్టపెట్టె, బిల్లు, వారంటీ కార్డు అన్నియు ఒక సంచిలో కట్టి యుంచుడు. బాగుచేసి యిచ్చెదమని కంపెనీ మనుష్యులు తీసికొనిపోవుటకు వచ్చినచో, ఛాయాచిత్రములు తీసి రసీదు పుచ్చుకొనక ఈయకుడు. ఆసుపత్రిలో గాయమునకు కారణము "కుక్కరు ప్రేలి" అని స్పష్టముగ వ్రాయించుడు. కాలిన బ్యాటరీని మాత్రము ఇంటిలో ఉంచరాదు. అది మరల అంటుకొనవచ్చును. దానిని ఆరుబయట దూరముగ నుంచి, అగ్నిమాపక దళమువారి చేతను, పోలీసుల చేతను వివరములు వ్రాయించి పెట్టుకొనవలెను.

ఎక్కడ దావా వేయవలెనను ప్రశ్నయే ఒకప్పుడు ఏండ్లు తినివేసెడిది. మనకు దగ్గరలోనే, బెంగళూరు పాత విమానాశ్రయము కడ, 1990 ఫిబ్రవరి 14న ఇండియన్ ఎయిర్‌లైన్స్ వారి ఎయిర్‌బస్ ఏ-320 విమానము కూలి 92 మంది మరణించిరి. విచారణలో పైలట్ల పొరపాటే ముఖ్యకారణముగ చెప్పబడినను, ఇంగ్లండులో నివసించు బాధిత కుటుంబములు విమాన నిర్మాతపై అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున దావా వేసినవి. అది కూడదని నిర్మాత బెంగళూరు కోర్టునుండి ఆజ్ఞ తెచ్చుకొనెను. ఇంగ్లండు కోర్టులు కూడ ఆ దావాను ఆపవలెనని అతడు కోరగా, 1998లో ప్రభువుల సభ నిరాకరించెను. దావా ఎక్కడ నడువవలెనను వాదమే ఎనిమిదేండ్ల పిమ్మటను సాగుచుండెను! 2019 చట్టము ఈ బాధను చాలవరకు తీర్చినది. కంపెనీ ఢిల్లీలో నున్నను, ఫిర్యాదు చేయువాడు తాను నివసించు చోటనో పనిచేయు చోటనో ఫిర్యాదు చేయవచ్చును. సర్జాపురము ఆనేకల్ తాలూకాలోనిది గనుక మనకు బెంగళూరు నగర జిల్లా కమిషనే చాలును. చెల్లించిన వెల 50 లక్షలు దాటనంతవరకు జిల్లా కమిషనుకే అధికారము. వెల 5 లక్షలకు లోపైనచో రుసుము లేదు. లెక్కకు తీసికొనునది వస్తువు వెలయేగాని అడిగిన పరిహారము కాదు. రెండువేల రూపాయల కుక్కరు వలన కన్ను పోయినవాడు ఎంత అడిగినను రుసుము చెల్లింపనక్కరలేదు. గడువు మాత్రము రెండేండ్లు. మూడు నెలలలోను, పరీక్ష అవసరమైనచో అయిదు నెలలలోను తేల్పవలెనని చట్టము కోరుచున్నది. ఆచరణలో అంతకు మించిన కాలమే పట్టుచుండును, ఓపిక పట్టవలసినదే.

గెలుపు అసాధ్యమను వారికొక తీర్పు. 2017లో ఢిల్లీ-పానిపట్టు రహదారిపై ప్రమాదమునకు గురియైన యొక కారులో గాలిసంచులు విచ్చుకొనలేదు. ఢీకొన్న బలము చాలదని హ్యుందాయ్ కంపెనీ వాదించెను. ఎంత వేగమునకు ఎంత బలము పుట్టునో లెక్కగట్టుటకు కొనుగోలుదారుడు భౌతికశాస్త్రవేత్త కానక్కరలేదని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ వాదమును త్రోసిపుచ్చి, క్రింది కమిషను విధించిన పరిహారమును స్థిరపరచెను.

అయితే తప్పు మనవైపున ఉన్నచో ఫలము లేదు. వస్తువును దుర్వినియోగము చేసినను, మార్పులు చేసినను అమ్మినవానిపై దావా చెల్లదు. అందరెరిగిన ప్రమాదమును గూర్చి హెచ్చరింపలేదని తయారీదారును నిందించుటయు కుదురదు. కుక్కరు సేఫ్టీ వాల్వు పోయినచో సంతలో దొరకు నకిలీ వాల్వును బిగించువారు ఈ సంగతి ఎరుగవలెను. కుక్కర్లకు ఐ.ఎస్.ఐ. ముద్ర 2021 ఫిబ్రవరి నుండియు, ఆటబొమ్మలకు 2021 జనవరి నుండియు తప్పనిసరి. ముద్ర లేనిది చవుకగ వచ్చినను కొనవలదు.

సలహాకు జాతీయ వినియోగదారుల ఫోను 1915. స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులములు, తెగల వారికి, కర్మాగార కార్మికులకు, వికలాంగులకు న్యాయసేవాధికార సంస్థ ఉచితముగ వకీలును ఏర్పాటు చేయును. దాని ఫోను 15100. 2025 జనవరి నుండి ఈ-జాగృతి అను వెబ్‌సైటు ద్వారా ఇంటినుండియే ఫిర్యాదు దాఖలు చేయవచ్చును. అర్జీ వ్రాయుటలో భాష అడ్డమైనవారు శనివారము మధ్యాహ్నము మా కార్యాలయమునకు రావచ్చును. బిల్లుతోబాటు పగిలిన వస్తువును గూడ తెచ్చినచో మేలు. కాలిన బ్యాటరీని మాత్రము తేవలదు, ఛాయాచిత్రము చాలును.