బంతి పుట్టిల్లు చూడాలని ఉంది

సమస్య

మాది కడియం మండలం. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచి నర్సరీ పనే. కవర్లలో మట్టి నింపడం, నారు పొయ్యడం, అంట్లు కట్టడం అన్నీ చేశాను. మా అబ్బాయి హ్యూస్టన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. ఈ సెప్టెంబరులో మేమిద్దరం వాడి దగ్గరికి వెళ్ళి మూడు నెలలు ఉంటాం. అక్కణ్ణుంచి పది రోజులు మెక్సికో తీసుకెళ్తానంటున్నాడు. కాన్‌కూన్‌లో సముద్రం ఒడ్డున హోటలు చూశాడట. తిండీ గదీ అన్నీ అందులోనే, బయట అడుగు పెట్టక్కర్లేదంటాడు.

నాకు సముద్రం కొత్త కాదు. మనం పెంచే బంతి, డాలియా, క్రిస్మస్‌కి అమ్మే ఎర్రాకుల పాయిన్‌సెట్టియా ఆ దేశం మొక్కలేనని మా నర్సరీకి వచ్చిన ఉద్యాన అధికారి ఒకరు చెప్పారు. చనిపోయినవాళ్ళ పండక్కి అక్కడ వాకిళ్ళ నిండా బంతిపూలు పరుస్తారని ఫోన్‌లో చూశాను. నాకు అది చూడాలని ఉంది. మా ఆయనతో అంటే, "బంతిపూల కోసం లక్షలు తగలెయ్యాలా? అది తుపాకుల ముఠాల దేశం. భాష రాదు, తిండి పడదు, ఇక్కడ నర్సరీ ఏమైపోవాలి?" అంటున్నారు. అబ్బాయి వేసుకున్న ప్లాను పాడుచేస్తే కోడలు ఏమనుకుంటుందోనని వాడితో అనలేదు. చీటీ పాడిన డబ్బు కొంత నా దగ్గరుంది. అడగాలా, ఊరుకోవాలా?

— ఒక నర్సరీ ఇల్లాలు, తూర్పు గోదావరి జిల్లా

సలహా

అడగండమ్మా. ఆలస్యం కూడా చెయ్యకండి, ఆ పండగ రోజులకి హోటళ్ళు నెలల ముందే నిండిపోతాయి. మీకు కాస్త విశ్రాంతి ఇద్దామని మీ అబ్బాయి కాన్‌కూన్ అనుకున్నాడు. ఇన్నేళ్ళు మొక్కల్లో చాకిరీ చేసిన అమ్మకి మళ్ళీ మొక్కలే చూడాలని ఉంటుందని మీరు చెప్పకపోతే ఎలా తెలుస్తుంది? కోడలు కూడా వింటుండగా, "ఇది చూడాలని ఉంది, నా చీటీ డబ్బు ఇందులో వేస్తాను" అనండి. వాళ్ళు డబ్బు తీసుకోకపోవచ్చు, కానీ మీరు ఎంత గట్టిగా కోరుకుంటున్నారో తెలుస్తుంది.

మీరు చూడాల్సిన చోటు మెక్సికో నగరంలోనే ఉంది. నగరం దక్షిణ భాగంలో సోచిమిల్కో అని కాలవల ప్రాంతం. స్పెయిన్‌వాళ్ళు రాకముందు నుంచీ అక్కడి రైతులు సరస్సు బురదను ఎత్తి పోసి సన్నటి మడులు కట్టుకున్నారు. మడికీ మడికీ మధ్య కాలవ, గట్టు జారిపోకుండా అంచున చెట్లు. రాకపోకలు పడవల మీదే. 1987లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. అక్టోబరులో అక్కడ కుండీల్లో బంతి విరగబూస్తుంది, తరవాత పాయిన్‌సెట్టియా వస్తుంది. పక్కనే క్వెమాన్కో మొక్కల మార్కెట్టు. మన కడియపులంకలో తిరిగినట్టే రోజంతా తిరగొచ్చు. శని ఆదివారాలు పాటల పడవలతో హోరెత్తిపోతుంది, వారం మధ్యలో పొద్దున్నే వెళ్ళండి.

మీవారికి ఈ సంగతి చెప్పండి. అక్కడ నారు పోసే పద్ధతి ఒకటుంది. కాలవ అడుగు బురద తీసి పలచగా పరుస్తారు. కొంచెం ఆరాక కత్తితో చిన్న చిన్న చదరాలుగా కోసి, ఒక్కో చదరంలో ఒక్కో గింజ పెడతారు. మొలక ఎదిగాక ఆ చదరం ముక్కతో సహా ఎత్తి నాటుతారు, వేరు కదలదు. మనం ఇప్పుడు ప్రోట్రేల్లో కొబ్బరిపొట్టు నింపి చేస్తున్న పని వాళ్ళు ఎన్నో వందల ఏళ్ళుగా ఉత్త బురదతో చేస్తున్నారు. నర్సరీ చేసే మనిషి ఇది విని ఊరుకోలేడు. నర్సరీని మూడు నెలలకి ఎవరికో అప్పజెప్పే వెళ్తున్నారు కాబట్టి ఆయన బెంగ నర్సరీ గురించి కాదనిపిస్తోంది. మాట తెలియని చోట పిల్లల మీద ఆధారపడాలంటే ఆయన వయసు మగవాళ్ళకి చాలా కష్టం. దాన్ని ఎత్తిచూపకండి, తనకి తెలిసిన పని ఉన్న చోటికి తీసుకెళ్ళండి.

మెక్సికో మన ఆంధ్రప్రదేశ్‌కి పన్నెండింతలు. రాజధాని నుంచి కాన్‌కూన్ రోడ్డు మీద పదహారు వందల కిలోమీటర్లు. అందుకని అన్నీ చుట్టేద్దామనుకోవద్దు. ఆరు రోజులు మెక్సికో నగరంలో, మిగతావి పిల్లల కోసం సముద్రం దగ్గర. నవంబరు 1, 2 తేదీల్లో పండగ, మన మహాలయ పక్షంలాగే పెద్దలకి ఇష్టమైనవి వండి పెడతారు. 2026లో దీపావళి నవంబరు 8న, కాబట్టి కార్తీకం మొదలయ్యేలోపు హ్యూస్టన్ వచ్చేస్తారు. నగరం 2,240 మీటర్ల ఎత్తున ఉంది. మొదటి రోజు ఆయాసం రావచ్చు, ఆ రోజు ఏ పనీ పెట్టుకోకండి. రాత్రిళ్ళు చలి, శాలువా ఉండాలి.

ముఠాల భయం ఉత్తది కాదు. సినలోవా లాంటి రాష్ట్రాలకి వెళ్ళొద్దని అమెరికా ప్రభుత్వమే తన పౌరులకి చెబుతోంది. కానీ ఆ దేశంలో రాజధాని కాక 31 రాష్ట్రాలున్నాయి, అన్నీ ఒకలా ఉండవు. రాజధానిలో వీధిలో కనబడ్డ టాక్సీ ఎక్కకుండా యాప్‌లో పిలిపించుకోండి, పొద్దుపోయాక తిరక్కండి, బంగారం హ్యూస్టన్‌లోనే వదిలెయ్యండి. తిండికి మొక్కజొన్న రొట్టె, చిక్కుడు గింజల కూర, పచ్చిమిరప పచ్చడి ఉంటాయి కాబట్టి పస్తుండరు. గొడ్డు మాంసాన్ని 'రెస్' అనీ, పందిని 'సెర్దో', 'పుయెర్కో' అనీ, కోడిని 'పోయో' అనీ అంటారు. చిక్కుడు కూర తరచుగా పందికొవ్వుతో వేయిస్తారు, ఆ కొవ్వు పేరు 'మాంతెకా'. అది వద్దంటే ముందే చెప్పాలి.

గడువున్న అమెరికా వీసా ఉంటే మెక్సికో వీసా విడిగా అక్కర్లేదు. మీది ఎన్నిసార్లయినా వెళ్ళిరావడానికి పనికొచ్చేదో కాదో చూసుకోండి. మీ అబ్బాయి, కోడలి పాస్‌పోర్టుల్లో అమెరికా వీసా ముద్ర గడువు తీరిపోయి ఉంటే మాత్రం లెక్క వేరు, టికెట్లు కొనకముందే కంపెనీ లాయర్ని అడగమనండి.

ఒక్క విషయంలో గట్టిగా చెబుతున్నాను. క్వెమాన్కోలో రంగురంగుల కాక్టస్‌లు చూస్తే మీ ఇద్దరి చేతులూ ఊరుకోవు. పిలకగానీ, కొమ్మగానీ, చివరికి విత్తనం పొట్లంగానీ సంచిలో వెయ్యకండి. అమెరికా విమానాశ్రయంలో పట్టుకుంటారు, పర్మిట్ లేకుండా మన దేశంలోకీ రానివ్వరు. 2016లో మన దేశంలో కనబడి గోదావరి జిల్లాల కొబ్బరి తోటలదాకా వచ్చిన సర్పిలాకార తెల్లదోమ మధ్య అమెరికా వైపుదే. మీ ఊరి నర్సరీల నుంచి దేశమంతటికీ లారీల్లో మొక్కలు పోతాయి కనుక మీకు ఈ జాగ్రత్త అందరికంటే ఎక్కువ ఉండాలి. ఫొటోలు తీసుకోండి, ఆ బురద చదరాలు ఎంత లోతు కోస్తున్నారో టేపు పెట్టి కొలుచుకోండి.