పాత ఆటయంత్రముల పిడులను బాగుచేయు విధము

చదువరులారా! నాణెము వేసి యాడుకొను విద్యుద్యంత్రములు అమెరికా, జపాను దేశములలో నొకప్పుడు మిగుల వ్యాపించియుండెను. 1972వ సంవత్సరమున అటారి సంస్థవారు పాంగ్ అను ఆటను, 1980లో నామ్కో సంస్థవారు పాక్‌మాన్ అను ఆటను వెలువరించిరి. అట్టి యంత్రములు నేటికిని సేకరించువారియొద్దను, మ్యూజియములలోను నిలిచియున్నవి. న్యూయార్కు రాష్ట్రమందలి రాచెస్టరు నగరమున ది స్ట్రాంగ్ అను మ్యూజియమునం దిట్టివి పెక్కులు గలవు. అయితే ఆటయంత్రము చూచుటకు మాత్రమేగాక ఆడుటకై నిర్మింపబడినది. పిడి పనిచేయనిచో నది వట్టి పెట్టెయే. పాతభాగములలో కొన్ని యిప్పుడు తయారగుట లేదు. గావున శుభ్రపఱచునపుడు వానిని పాడుచేయకుండుట ముఖ్యము.

మొట్టమొదట యంత్రమును విద్యుత్తునుండి వేఱుచేయవలెను. పాత యంత్రముల బొమ్మగొట్టమునందు విద్యుత్తు ఆపిన పిమ్మటను ప్రమాదకరమైన శక్తి నిలిచియుండును. బాలురు దానిని తాకరాదు. పిడులున్న పలకను మాత్రము పెద్దల సమక్షమున విప్పవలెను. విప్పుటకు ముందు ఛాయాచిత్రము తీసి, ప్రతి తీగకును చీటి కట్టినచో మరల బిగించునపుడు తికమక యుండదు.

పాతపిడులలో లీఫ్ స్విచ్చి యనునది యుండును. ఇందు రెండు సన్నని లోహపు రేకులు ఒకదానికొకటి తగులక నిలిచియుండును. పిడిని వంచగనే ఒక రేకు రెండవదానిని తాకి విద్యుత్తునకు త్రోవ యిచ్చును. ఇందలి ప్రవాహము మిగుల స్వల్పము. వోల్టేజి సాధారణముగా 5 మాత్రమే. కావున రేకుల కొనలయందలి బొడిపెలపై పలుచని మురికిపొర యేర్పడినను విద్యుత్తు దానిని దాటజాలదు. పిడి చెడెనని పలువురు తలతురు. తఱచుగా చెడినదేమియు నుండదు, మురికి యడ్డుచున్నదంతే.

ఇచ్చట కొందఱు ఆకురాయితో రాచెదరు. అది తగదు. ఆ బొడిపెలపై వెండిపూతగాని బంగారుపూతగాని యుండుట కద్దు. ఆకురాయి మురికితోపాటు పూతనుగూడ తీసివేయును. కొన్నిదినములు పిడి బాగుగ పనిచేసినట్లే యుండి, పూతపోయిన లోహము త్వరలో చిలుమెక్కును. దానికి బదులు దళసరి కాగితపుముక్కను ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తడిపి, బొడిపెల నడుమ నుంచి, రేకులను మెల్లగా నొక్కి, కాగితమును లాగవలెను. దానిపై నల్లనిచార కనబడును. చార కనబడకుండువఱకు క్రొత్తముక్కలతో నట్లే చేయవలెను. ఆ ద్రవము త్వరగా నంటుకొనును గావున సమీపమున నిప్పుండరాదు.

తరువాతికాలపు పిడులలో మైక్రోస్విచ్చి యుండును. అది నొక్కినపుడు టక్కుమనును. దాని లోపలిభాగము మూసియుండును గనుక శుభ్రపఱచుటకంటె మార్చుట సులభము. దానికి సాధారణముగా మూడు కొసలుండును. ఉమ్మడికొసకును, నొక్కినపుడు మాత్రమే కలియు కొసకును తీగలు తగిలింపవలెను. పొరపాటున మూడవదానికి తగిలించినచో, బొత్తామును ముట్టకున్నను నొక్కినట్లే యంత్రము గ్రహించును.

1980లో వెలువడిన మిస్సైల్ కమాండ్ వంటి ఆటలలో పిడికి మారుగా ట్రాక్‌బాల్ అను బంతి యుండును. బంతి దొర్లినపుడు దాని క్రిందనున్న రెండు రోలర్లు తిరుగును. వాని కొనలయందలి చీలికల చక్రముగుండ పోవు వెలుగును లెక్కించి యంత్రము కదలికను తెలిసికొనును. చేతిచెమటయు ధూళియు రోలర్లపై గట్టిపడినచో గుఱుతు గంతులు వేయును. బంతిని సబ్బునీట కడిగి, రోలర్లను గుడ్డతో తుడిచినచో చాలవఱకు చక్కబడును. బేరింగులు తుప్పుపట్టి గరగరలాడినచో వానిని మార్చవలెను.

ప్లాస్టికుభాగములను గోరువెచ్చని సబ్బునీట కడిగి పూర్తిగా నారనిచ్చి, కదలుచోట్ల కొంచెము సిలికోను గ్రీజు రాచి బిగింపవలెను. గ్రీజు అధికమైనచో ధూళిని మరల చేర్చుకొనును. బొడిపెలకు దానిని తాకనీయరాదు.

కావున చదువరులారా! ముందుగా దోషమెక్కడనో కనుగొనుడు, పిదప శుభ్రపఱచుడు, అప్పటికిని పనిచేయనిదానిని మాత్రమే మార్చుడు. ఈ క్రమమును తప్పినవారు మంచిభాగమును పాఱవైచి, చెడుభాగమును పెట్టెలోనే యుంచుకొందురు.