అక్కడి 68, ఇక్కడి 970

బ్రిటన్‌లో ఎమ్మెస్సీ చదువుతున్న కూతురు ఫోన్ చేస్తుంది. "నాన్నా, డిసర్టేషన్‌లో 68 వచ్చింది" అంటుంది. గొంతులో ఉత్సాహం తెలుస్తూనే ఉంటుంది. "అరవై ఎనిమిదేంటమ్మా? ఇంటర్లో 970 తెచ్చుకున్నదానివి. ఒంట్లో బాగుండట్లేదా?" అంటాడు తండ్రి. ఆయన ప్రేమతోనే అడిగాడు. కానీ సంతోషం పంచుకోవాలని ఫోన్ చేసిన పిల్ల సంజాయిషీ చెప్పుకొని పెట్టేస్తుంది.

అక్కడి యూనివర్సిటీల్లో పీజీకి సాధారణంగా 50 పాస్ మార్కు. 60 దాటితే మెరిట్, 70 దాటితే డిస్టింక్షన్. ఎనభై పైన మార్కులు పడటం అరుదు. అంటే ఆ అమ్మాయి డిస్టింక్షన్‌కు రెండు మార్కుల దూరంలో ఉంది. మన ఇంటర్ పేపర్ దిద్దేటప్పుడు ఏ పాయింటుకు ఎంత మార్కో ముందే రాసి ఉంటుంది. అన్నీ రాసినవాడికి మార్కు కోయడానికి కారణం దొరకదు. సెకండ్ లాంగ్వేజ్ సంస్కృతంలో 99 రావడం అందుకే మామూలైపోయింది. అక్కడ వ్యాసం దిద్దే అధ్యాపకుడు విద్యార్థి సొంత వాదన ఎంత గట్టిగా నిలబడిందో చూస్తాడు. అలాంటి వాదనకు వందకు వంద అన్న మాటే ఉండదు. అందుకే పిల్లలు ఏ దేశం నుంచి మార్కులు చెప్పినా, ముందు "అక్కడ పాస్ ఎంత? బాగా చదివేవాళ్లకు మామూలుగా ఎంత వస్తుంది?" అని అడగండి. మెచ్చుకోవడమైనా, మందలించడమైనా ఆ తర్వాతే.

జర్మనీ లెక్క మనవాళ్లను ఇంకా తికమక పెడుతుంది. అక్కడ 1 అన్నిటికంటే మంచి గ్రేడు. 4 పాస్‌కు ఆఖరి మెట్టు. 5 అంటే తప్పినట్టు. మన మార్కుల్ని ఆ లెక్కలోకి మార్చడానికి వాళ్లు వాడే బవేరియన్ సూత్రాన్ని ఇంట్లో కాగితం మీద మీరే వేసుకోవచ్చు. ఇంటర్లో వెయ్యికి 850 వచ్చాయనుకుందాం. వెయ్యిలోంచి 850 తీసేస్తే 150. వెయ్యిలోంచి పాస్ మార్కులు 350 తీసేస్తే 650. 150ని 650తో భాగించి, 3తో గుణించి, 1 కలపండి. సుమారు 1.7 వస్తుంది. చుట్టాల్లో చెప్పుకోవడానికి మొహమాటపడే ఆ 850 జర్మన్ లెక్కలో మంచి గ్రేడే.

అయితే గ్రేడు బాగుంది కదా అని విమానం టికెట్ కొనకండి. ఇంటర్ మార్కులు ఒక్కటే చూపించి జర్మనీలో నేరుగా డిగ్రీలో చేరడం సాధారణంగా కుదరదు. జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో అర్హత సాధించడమో, ఇక్కడ ఒక ఏడాది డిగ్రీ పూర్తిచేయడమో ఉంటే సంబంధిత కోర్సుకు దారి దొరుకుతుంది. మన చదువు పత్రాలు సరైనవేనని తేల్చే ఏపీఎస్ సర్టిఫికెట్ కూడా కావాలి. కన్సల్టెన్సీ మాట విన్నాక, యూనివర్సిటీ సొంత వెబ్‌సైట్‌లో అదే మాట ఉందో లేదో పిల్లల చేత చదివించి వినండి.

పర్సంటైల్‌ని పర్సంటేజీగా లెక్కపెట్టడం మరో పొరపాటు. పది లక్షల మందికి పైగా రాసే జేఈఈ మెయిన్‌లో 95 పర్సంటైల్ అంటే ఇంకా యాభై వేల మందికి పైగా ముందున్నారన్నమాట. మెల్‌బోర్న్‌లో మేనల్లుడికి ఏటార్ (అక్కడి యూనివర్సిటీ ప్రవేశాల ర్యాంకు) 80 వచ్చిందంటే అవి మార్కులు కావు. తన ఈడు పిల్లల్లో దాదాపు 80 శాతం కంటే ముందున్నాడని అర్థం.

అమెరికాలో పిల్లలకు ఒత్తిడే ఉండదని అనుకునేవాళ్లు టెక్సాస్‌లోని మనవాళ్లను అడగాలి. 1997లో చేసిన చట్టం ప్రకారం అక్కడ హైస్కూల్ క్లాసులో మొదటి పది శాతంలో ఉన్నవాళ్లకు రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీల్లో సీటు ఖాయం. ఆస్టిన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీకి మాత్రం ఆ గీత ఇంకా పైన ఉంటుంది. క్లాసులో స్థానమే లెక్క కాబట్టి పోటీ ఎక్కువున్న స్కూల్లో జీపీఏ 4 వచ్చిన పిల్ల కూడా ఆ పది శాతంలో లేకపోవచ్చు. కష్టమైన కోర్సులకు అదనపు పాయింట్లు కలిపే స్కూళ్లలో జీపీఏ 4 దాటడం వింతేమీ కాదు. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్‌లో "మా వాడికి 4.3" అని కనిపించగానే పక్కగదిలో చదువుకుంటున్న మీ అబ్బాయిని పిలవకండి, దయచేసి.

అమెరికా వెళ్లే తెలుగు పిల్లల్లో ఎక్కువమంది ఎమ్మెస్‌కే వెళ్తారు. వాళ్లకు డిగ్రీ మార్కులు ముఖ్యం. ఇంటర్ కాగానే పంపాలనుకునే తల్లిదండ్రులు మాత్రం చాలా ముందుగా ఆలోచించాలి. అక్కడి యూనివర్సిటీలు తొమ్మిదో తరగతి నుంచి నాలుగేళ్ల మార్కులు చూస్తాయి. టీచర్ల ఉత్తరాలు అడుగుతాయి. చాలా యూనివర్సిటీలకు దరఖాస్తు చేసే కామన్ యాప్‌లో 650 పదాలలోపు పిల్లలు తమ గురించి రాసుకోవాలి. పొద్దున స్టడీ అవర్ నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా రెండేళ్లు కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో గడిపిన పిల్లవాడు ఆ కాగితం ముందు కూర్చుని ఏం రాస్తాడు? వాడి తప్పేమీ లేదు. మనం వాణ్ని ఒక పరీక్షకు సిద్ధం చేసి, ఇంకో పరీక్షకు కూర్చోబెట్టాం. సంగీతమో, చెస్సో, తోటపనో, పిల్లలకు నిజంగా ఇష్టమైనది ఒక్కటి వదలనివ్వండి. దరఖాస్తు కోసమని సర్టిఫికెట్లు కొనొద్దు.

పదో తరగతి అయ్యాక వచ్చే సెలవుల్లో ఏ దారో పిల్లలతో కలిసి తేల్చుకోండి. జేఈఈ కోచింగ్, అమెరికా కోసం ఎస్ఏటీ, జర్మన్ క్లాసులు మూడూ ఒకే నెత్తి మీద పెడితే ఏదీ సరిగా సాగదు. మీకూ ఒక పనుంది. టెన్త్ మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా ఉందేమో చూడండి. తేడా ఉంటే సరిచేయించడానికి ఇప్పుడే తిరగడం మొదలుపెట్టండి.