విత్తన-ఎరువు గొర్రుపై రక్షణ పూత నిలిచే విధానం: కర్నూలు, కడప మెట్ట ప్రాంతాల దృష్టితో

కర్నూలు, కడప ప్రాంతాల మెట్ట రైతుతో ఇనుప పనిముట్ల తుప్పును గూర్చి ప్రస్తావించినపుడు, "మా పక్క తుప్పు యాడిది సార్, అంతా ఎండే గదా" అన్న సమాధానం తరచుగా వినవస్తుంది. సముద్రపు ఉప్పుగాలి సోకని, సాలుకు సుమారు 700 మి.మీ. వర్షపాతం మాత్రమే గల ఈ ప్రాంతంలో గేట్లకు, ట్రాలీలకు ఆ మాట చాలావరకు వర్తిస్తుంది. ఎరువు పెట్టె గల గొర్రుకు మాత్రం వర్తించదు. దానికి కావలసిన తేమను ఎరువే గాలి నుండి లాగి తెచ్చుకొంటుంది.

ప్రతి ఎరువుకూ ఒక సంధి తేమ ఉన్నది. గాలిలోని సాపేక్ష ఆర్ద్రత ఆ హద్దు దాటినపుడు ఎరువు నీటిని పీల్చి కరగనారంభిస్తుంది. 30 డిగ్రీల సెల్సియస్ వద్ద ఈ హద్దు యూరియాకు సుమారు 73 శాతం, అమ్మోనియం సల్ఫేటుకు 79, డి.ఎ.పి.కి 82, మ్యూరియేట్ ఆఫ్ పొటాష్‌కు 84 శాతం. రెండు ఎరువులు కలిసినపుడు హద్దు ఇంకను క్రిందికి దిగుతుంది. నైరుతి రుతుపవనాల కాలంలో తెల్లవారుజామున గాలి ఈ హద్దులను దాటడం మన ప్రాంతంలోనూ సాధారణమే. ఖరీఫ్ వేరుశనగ విత్తిన తరువాత కడగకుండా కొట్టంలో పెట్టిన గొర్రు, అక్టోబరులో నల్లరేగడిలో శనగ విత్తే వరకు, అనగా సరిగ్గా వర్షాకాలమంతా, ఉప్పు ద్రావణంలో నానినట్లే లెక్క.

నష్టం రేకుతో ఆగిపోదు. ఎరువు పెట్టె అడుగున తుప్పు పొరలు లేచి విడుదల రంధ్రాలకు అడ్డుపడతాయి. ఒక గొట్టం మూసుకొనిపోయినా ట్రాక్టరు నడిపేవానికి తెలియదు. విత్తన పెట్టె వైపు అదే జరిగితే మొలక వచ్చే నాటికి గాని బోసిపోయిన సాలు కనబడదు. ఎర్రనేలల్లో పదును నిలిచేది కొద్ది రోజులే గనుక, అప్పటికి తిరిగి విత్తే అవకాశం దాటిపోయి ఉంటుంది. పంట సాంద్రతను గూర్చి వ్రాయవలసిన సస్యశాస్త్రజ్ఞుడు పెయింటును గూర్చి వ్రాయడానికి కారణమిదే.

పెయింటు పూత నీటిని పూర్తిగా ఆపుతుందన్నది సాధారణంగా ఉన్న పొరపాటు అభిప్రాయం. నీటి అణువులు, ఆక్సిజన్ ఏ సేంద్రియ పూత గుండానైనా నెమ్మదిగా చొరబడతాయి. అయినను లోహం కాపాడబడుతున్నదంటే, తడిసిన స్థితిలో కూడా పూత లోహాన్ని వదలక పట్టుకొని ఉండుటయే ప్రధాన కారణం. పూత అంటి ఉన్నచోట నీరు ఒక పొరగా చేరడానికి జాగా ఉండదు. పట్టు వదిలిన చోట నీరు నిలుస్తుంది, విద్యుద్రసాయన చర్య మొదలవుతుంది, తుప్పు తాను తిన్న ఇనుముకంటె ఎన్నో రెట్లు ఎక్కువ ఘనపరిమాణం ఆక్రమించి పూతను ఇంకా పైకి లేపుతుంది. పూత క్రింద కొద్దిపాటి ఉప్పు మిగిలి ఉన్నా ద్రవాభిసరణం వలన అది బయటి నీటిని లోపలికి లాగి బొబ్బలు లేపుతుంది. కాబట్టి ఎరువు సోకిన గొర్రును కడగకుండా తీగ బ్రష్షుతో రుద్ది రంగు వేయడం, రోగాన్ని లోపల ఉంచి కట్టు కట్టడం వంటిది.

సరియైన వరుస ఇది. మొదట నీటితో కడిగి ఉప్పును తొలగించవలెను. గుంటలు పడిన చోట రెండు మూడు మార్లు కడగవలసి వస్తుంది. పిమ్మట సబ్బు లేక ద్రావకంతో గ్రీజు తీయవలెను. గ్రీజు ఉండగానే రుద్దితే అది లోహమంతటా పరచుకొంటుంది. గ్రామాలలోని వర్క్‌షాపులలో తరచుగా జరిగే తప్పు ఇదే. శుభ్రతకు సులువైన పరీక్ష ఒకటి ఉన్నది: రేకుపై నీరు పోసినపుడు తెగకుండా పొరగా పరచుకొంటే గ్రీజు పోయినట్లు, చుక్కలుగా విడిపోతే మిగిలి ఉన్నట్లు. ఆ తరువాతే తుప్పు తీసి, ఉపరితలాన్ని గరుకు చేయడం. వీలైనచోట ఇసుకకు బదులు ఉక్కు రవ్వలతో బ్లాస్టింగ్ చేయించడం మేలు. ఇసుక ధూళి ఊపిరితిత్తులకు హాని.

ఇట్లు సిద్ధమైన ఉక్కుపై ఫాస్ఫేట్ పొరను ఏర్పరిస్తే పట్టు మరింత పెరుగుతుంది. ఈ పద్ధతికి ఇంగ్లండులో థామస్ కాస్లెట్ 1906లో పేటెంటు తీసికొన్నాడు. నంద్యాల వ్యవసాయ పరిశోధనా స్థానం నెలకొన్నదీ అదే సంవత్సరం. విలీన ఫాస్ఫారిక్ ఆమ్లంతో కూడిన ద్రావణం లోహంతో చర్య జరిపి, కరగని ఫాస్ఫేట్ స్ఫటికాల పలుచని పొరను ఏర్పరుస్తుంది. ఆ స్ఫటికాల సందులలోనికి ప్రైమర్ దిగి పట్టుకొంటుంది. కర్మాగారంలో పౌడర్ కోటింగ్‌కు ముందు జరిగేదీ ఇదే. గొర్రు కొనేటపుడు రంగు మెరుపును గాక, రంగుకు ముందు ఫాస్ఫేటింగ్ చేశారా అని అడగమని రైతులకు చెప్పవలెను.

జి.ఐ. రేకు పెట్టెల విషయంలో వేరొక చిక్కు ఉన్నది. జింకు పూత తాను కరిగి ఇనుమును కాపాడుతుంది. గీత పడినా రక్షణ కొంత నిలుస్తుంది. కాని అమ్మోనియా లవణాలు జింకును కరిగించే సంక్లిష్ట సమ్మేళనాలను ఏర్పరుస్తాయి గనుక ఎరువు పెట్టెకు జింకు ఒక్కటే చాలదు, పైన పెయింటు కావలెను. ఆ పెయింటు మామూలు సింథటిక్ ఎనామెల్ అయితే, అందులోని ఆల్కిడ్ రెజిన్ జింకు ఉపరితలంపై సబ్బుగా మారి, కొంతకాలానికే పెచ్చులుగా లేచిపోతుంది. పెయింటు నాసిరకమని దుకాణదారును నిందించడం పరిపాటి. నిజానికి అది జోడీ తప్పు. జి.ఐ.పై ఎచ్ ప్రైమర్ గాని, జింకుకు తగిన ఎపాక్సీ ప్రైమర్ గాని వేసి ఆపైన రంగు వేయవలెను. ఎపాక్సీ ఎండకు సుద్దవలె పొడిబారుతుంది గనుక బయట నిలిపే యంత్రానికి పైపూతగా పాలీయురెథేన్ మంచిది.

రంగు వేసే వేళ కూడ ముఖ్యమే. లోహపు ఉష్ణోగ్రత మంచు బిందువుకంటె కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండవలెను. మన వేసవిలో ప్రమాదం రెండవ వైపున ఉన్నది. మిట్టమధ్యాహ్నం కాలిన రేకును తాకక ముందే ద్రావకం ఆవిరై, రంగు లోహాన్ని తడపక పొడిపొడిగా కూర్చుంటుంది. విత్తే తొందరలో ఒక జూన్ మధ్యాహ్నం నేనే దగ్గరుండి ఇట్లు వేయించిన రంగు ఆ పంట కాలంలోనే గోటితో లేచివచ్చింది.

ఉమ్మడి కడప జిల్లా మంగంపేట బెరైటీస్‌ను గూర్చి విద్యార్థులు తరచుగా అడుగుతారు. ప్రపంచంలోని అతిపెద్ద నిక్షేపాలలో ఒకటైన ఆ ఖనిజం అధికంగా చమురు బావుల త్రవ్వకానికే పోతున్నా, ప్రైమర్లలో పూరకంగానూ వాడబడుతుంది. బేరియం సల్ఫేట్ ఆమ్లాలకు, లవణాలకు చలించదు. నూనెను తక్కువగా పీల్చుతుంది. అయితే అది తుప్పును అడ్డుకొనే వర్ణకం కాదు. మితిమీరి కలిపితే రెజిన్ చాలక పూత రంధ్రమయమవుతుంది.

నేలలో తిరిగే కర్రులకు ఈ శ్రమ అనవసరం. ఎర్రనేల రాపిడికి ఏ పెయింటూ కొన్ని ఎకరాలకు మించి నిలవదు. కడిగి ఆరబెట్టి గ్రీజు పూయడమే వాటికి తగినది.

పూతల పరీక్షకు పరిశ్రమలలో 5 శాతం సోడియం క్లోరైడ్ ద్రావణాన్ని 35 డిగ్రీల వద్ద తుంపరగా చల్లుతారు. అది సముద్రతీరానికి సరిపోవచ్చు. మన గొర్రు ఎదుర్కొనేది యూరియా, డి.ఎ.పి.ల ద్రావణాన్ని. స్నాతకోత్తర విద్యార్థులకు ఇది చేయదగిన పని. ఒకే మందపు ఉక్కు పలకలను కడగనివి, కడిగినవి, కడిగి ఫాస్ఫేటింగ్ చేసినవి అని విభజించి, ఒకే ప్రైమర్ వేసి, యాదృచ్ఛికంగా అమర్చి, ప్రతి దానిపై లోహం కనబడేటట్లు ఒక గీత గీయవలెను. పొలంలో గీత పడని పెయింటు లేదు గదా. ఎరువు ద్రావణంలో తడుపుతూ, ఆరబెడుతూ ఒక పంట కాలం గడిపి, గీతకు ఇరువైపులా తుప్పు ఎన్ని మిల్లీమీటర్లు ప్రాకినదో కొలవవలెను. గీతకు దూరంగా, అడ్డంగా ఆరు, నిలువుగా ఆరు కోతలు పెట్టి టేపు అంటించి లాగి, 0 నుండి 5 వరకు తరగతి కట్టవలెను. ఈ టేపు పరీక్షను పొడి పలకపై మాత్రమే చేస్తే అన్నీ ఉత్తీర్ణమైనట్లే కనబడే అవకాశం ఉన్నది. ద్రావణం నుండి తీసిన వెంటనే, తడి తుడిచి చేసిన దానినే ప్రధాన ఫలితంగా నమోదు చేయవలెను.