ముందు యూనివర్సిటీని అడగండి, తర్వాతే కోర్సులో చేరండి

బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లో పదో తరగతి, ఐటీఐ మీద ఉద్యోగంలో చేరిన తెలుగువాళ్లకు డిగ్రీ అవసరం ఒక రోజు గట్టిగా గుర్తొస్తుంది. అది రైల్వే ఉద్యోగులకు పెట్టే శాఖాపరమైన పోటీ పరీక్ష, జీడీసీఈ, నోటిఫికేషన్ వచ్చిన రోజు. స్టేషన్ మాస్టర్ కావాలన్నా, గూడ్స్ ట్రైన్ మేనేజర్ కావాలన్నా డిగ్రీ ఉండాలి. అనుభవం ఎంతున్నా ఆ ఒక్క కాగితం లేకపోతే దరఖాస్తు దగ్గరే ఆగిపోతారు. రెగ్యులర్ కాలేజీకి వెళ్లే వీలు లేదు. నైట్ డ్యూటీ చేసి వచ్చినవాడు పొద్దున పది గంటలకు క్లాసులో ఎలా కూర్చుంటాడు?

అందుకే ఒక మాట ఇప్పుడు వాట్సాప్‌లో బాగా తిరుగుతోంది. ఆన్‌లైన్‌లో ఉచితంగా కోర్సు చదివి, వెయ్యి రూపాయలు కట్టి పరీక్ష రాస్తే డిగ్రీలో క్రెడిట్లు కలుస్తాయట. అది నిజమే కానీ సగం నిజం. మిగతా సగం తెలియకుండా మొదలుపెట్టినవాళ్ల చేతిలో చివరికి సర్టిఫికెట్లు మిగులుతాయి, డిగ్రీ మాత్రం ఒక్క అడుగు కూడా ముందుకు జరగదు.

ముందు నిజమైన సగం చూద్దాం. ఈ ఆన్‌లైన్ కోర్సుల కోసం కేంద్ర ప్రభుత్వం 2017 జులైలో స్వయం పోర్టల్ ప్రారంభించింది. ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటెల్ కోర్సులు కూడా ఇప్పుడు అందులోనే ఉన్నాయి. ఇంజినీరింగ్, సైన్సు సబ్జెక్టులు ఎక్కువగా ఎన్‌పీటెల్ వైపు ఉంటాయి. బీఏ, బీకాం వాళ్లకు పనికొచ్చేవి సీఈసీ అనే సంస్థ తయారుచేసినవాటిలో దొరుకుతాయి. చేరడానికి, వీడియోలు చూడడానికి, అసైన్‌మెంట్లు రాయడానికి పైసా అక్కర్లేదు. పరీక్ష రాసి సర్టిఫికెట్ కావాలనుకున్నప్పుడే ఫీజు. ఎన్‌పీటెల్ పరీక్షకు అది కోర్సుకు వెయ్యి రూపాయలు. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు రాయితీ ఉంటుంది. నాలుగు వారాల ఎన్‌పీటెల్ కోర్సుకు ఒక క్రెడిట్, ఎనిమిది వారాలకు రెండు, పన్నెండు వారాలకు మూడు.

ఇక మిగతా సగం. స్వయం మీకు క్రెడిట్ ఇవ్వదు, మార్కులు మాత్రమే ఇస్తుంది. ఆ మార్కులను క్రెడిట్లుగా మార్చి మీ డిగ్రీలో కలపాల్సింది మీరు చేరిన యూనివర్సిటీ. ఏ యూనివర్సిటీలోనూ చేరకుండా పది కోర్సులు పాసైనా అవి పది సర్టిఫికెట్లే. యూజీసీ 2021 నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్‌లో ఉన్న కోర్సుల్లో 40 శాతం వరకు స్వయం ద్వారా చేయడానికి యూనివర్సిటీ అనుమతించవచ్చు. అంతకు ముందు, 2016 నిబంధనల్లో, అది 20 శాతమే. ఇక్కడ ‘అనుమతించవచ్చు’ అన్నారు. ఏ కోర్సు ఏ పేపరుకు బదులు చెల్లుతుందో సెమిస్టర్ మొదలుకాక ముందే యూనివర్సిటీ తన అకడమిక్ కౌన్సిల్‌లో ఒప్పుకుని ఉండాలి. మీరు ఇష్టపడి చేసిన కోర్సు ఆ జాబితాలో లేకపోతే ఎన్ని మార్కులొచ్చినా కలవదు.

కాబట్టి మొదట వెళ్లాల్సింది వెబ్‌సైట్‌కి కాదు, ఆఫీసుకి. బిలాస్‌పూర్‌లో ఉన్నవాళ్లకు ఈ విషయంలో అదృష్టమే. కోనీలో గురు ఘాసీదాస్ విశ్వవిద్యాలయం ఉంది, 2009 నుంచి అది సెంట్రల్ యూనివర్సిటీ. ఊళ్లోని చాలా డిగ్రీ కాలేజీలు అటల్ బిహారీ వాజ్‌పేయీ విశ్వవిద్యాలయం కిందకి వస్తాయి. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం 2005లో పెట్టిన పండిత్ సుందర్‌లాల్ శర్మ ఓపెన్ యూనివర్సిటీ కూడా ఈ ఊళ్లోనే ఉంది. పిల్లలు మొదటి రెండిట్లో చదువుతుంటే వాళ్ల కాలేజీలో స్వయం వ్యవహారాలు చూసే నోడల్ ఆఫీసర్ ఎవరో అడగండి. ఉద్యోగం చేస్తూ మీరే చేరాలనుకుంటే ఓపెన్ యూనివర్సిటీని, ఇగ్నో స్టడీ సెంటర్‌ని అడగండి. అడిగేటప్పుడు ‘స్వయం ఒప్పుకుంటారా’ అని అడగకండి, అందరూ అవుననే అంటారు. ‘నా ప్రోగ్రామ్‌లో, ఈ సెమిస్టర్‌లో, ఈ పేపరుకు బదులు ఏ స్వయం కోర్సు చెల్లుతుంది, దాని జాబితా లేదా సర్క్యులర్ చూపిస్తారా’ అని అడగండి. కాపీ తీసుకోండి. కౌంటర్లో నోటిమాటగా చెప్పింది మూడేళ్ల తర్వాత అక్కడ ఎవరికీ గుర్తుండదు.

డబ్బు సంగతి కూడా ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి. మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు, అంటే సెమిస్టర్‌కు సుమారు 20. ఒక సెమిస్టర్‌లో రెండు పేపర్లకు ఎనిమిది క్రెడిట్లు స్వయం నుంచి తెచ్చుకున్నారనుకోండి. యూనివర్సిటీ ఆ మేరకు ఫీజు తగ్గిస్తుందని ఆశించకండి. మన దేశంలో సెమిస్టర్ ఫీజు సాధారణంగా పూర్తిగానే కట్టాలి, దాని మీద స్వయం పరీక్ష ఫీజు అదనం. మరి లాభమేమిటి? ఆ రెండు పేపర్లకు క్లాసులకు పరిగెత్తాల్సిన పని తప్పుతుంది, ట్యూషన్ ఖర్చు తప్పుతుంది, ఐఐటీ ప్రొఫెసర్ చెప్పిన పాఠం ఇంట్లో కూర్చుని వినవచ్చు. నిజంగా తక్కువ ఖర్చులో డిగ్రీ కావాలంటే నా సలహా ఒకటే: ఓపెన్ యూనివర్సిటీలో చేరండి. ఏడాదికి కొన్ని వేలతో అయిపోతుంది. స్వయంని దానికి తోడుగా, అనుమతి ఉన్న పేపర్లకు మాత్రమే వాడుకోండి.

అమెరికాలో ఉన్న మన బంధువులు చెప్పేది దీనికి కొంచెం వేరు. అక్కడ క్లెప్ అనే పరీక్షలు 1967 నుంచే ఉన్నాయి. మోడర్న్ స్టేట్స్ అనే సంస్థ పాఠాలు ఉచితంగా చెప్పి, పరీక్ష ఫీజు కూడా తనే భరిస్తుంది. అక్కడ చాలా కాలేజీలు ఆ మార్కులను నేరుగా క్రెడిట్‌గా తీసుకుంటాయి, ఒక సబ్జెక్టు ఫీజు నిజంగానే మిగులుతుంది. మేనల్లుడు అలా చేశాడని విని ఇక్కడి పిల్లలు ఆ పరీక్షకు సిద్ధమైతే ఛత్తీస్‌గఢ్ యూనివర్సిటీల్లో అది అక్కరకు రాదు.

చదువు నడిచే తీరు రన్నింగ్ స్టాఫ్‌కి బాగానే సరిపోతుంది. వీడియోలు ఎప్పుడైనా చూడవచ్చు. గూడ్సు బండి దిగి రన్నింగ్ రూమ్‌లో నిద్ర పూర్తయ్యాక ఒక గంట చాలు. ఎన్‌పీటెల్‌లో ప్రతి వారం ఒక అసైన్‌మెంట్ ఉంటుంది, గడువు దాటితే తీసుకోరు. అయితే పన్నెండు వారాల కోర్సులో బాగా రాసిన ఎనిమిదింటినే లెక్కలోకి తీసుకుంటారు. వరసగా లాంగ్ డ్యూటీలు పడి రెండు మూడు వారాలు తప్పినా కోర్సు పోయినట్టు కాదు. అసైన్‌మెంట్లకు 25 మార్కులు, పరీక్షకు 75. పాస్ కావాలంటే అసైన్‌మెంట్లలో కనీసం 10, పరీక్షలో కనీసం 30 రావాలి. అసైన్‌మెంట్లు వదిలేసి చివర్లో ఒక్క పరీక్షతో గట్టెక్కుదామంటే కుదరదు. ఆ పరీక్షను ఇంట్లో రాయడానికి వీల్లేదు, కేంద్రానికి వెళ్లాలి. ఫారం నింపేటప్పుడు సెంటర్ల జాబితాలో బిలాస్‌పూర్ ఉందో లేదో చూసుకోండి. లేకపోతే రాయపూర్ లేదా భిలాయ్ ఎంచుకుని ఆ తేదీకి లీవు ముందే పెట్టుకోండి. ఇంకో సంగతి, కోర్సులో చేరడం వేరు, పరీక్షకు రిజిస్టర్ చేసుకోవడం వేరు. చేరాం కదా అని ఊరుకుంటే పరీక్ష రిజిస్ట్రేషన్ గడువు దాటిపోతుంది. ఇదేకాక, ఉద్యోగంలో ఉండి డిగ్రీలో చేరేటప్పుడు ఆఫీసుకు రాసి అనుమతి తీసుకోండి. రేపు సర్వీస్ రికార్డులో ఆ డిగ్రీ ఎక్కించాలంటే ఆ కాగితం కావాలి.

ఇప్పుడు మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు: పేరు. క్రెడిట్లన్నీ అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ అనే ఖాతాలో జమవుతాయి. దాని నిబంధనలు 2021 జులైలో వచ్చాయి. డిజీలాకర్ ద్వారా పన్నెండంకెల ఐడీ తీసుకోవాలి. జమైన క్రెడిట్లు గరిష్ఠంగా ఏడేళ్లు నిలుస్తాయి. ఓపెన్, ఆన్‌లైన్ డిగ్రీల్లో చేరాలంటే 2024 నుంచి యూజీసీ దూరవిద్య బ్యూరో వారి డెబ్ ఐడీ కూడా కావాలి, దానికీ ఈ ఖాతాయే ఆధారం. వీటన్నిటిలో ఆధార్ మీద ఉన్న పేరే నడుస్తుంది. మనకు ఇంటిపేరు ముందుంటుంది, ఇక్కడివాళ్లకు చివర ఉంటుంది. అందువల్ల పదో తరగతి మార్కుల షీటులో ఒక్క అక్షరంగా ఉన్న ఇంటిపేరు ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది. సర్వీస్ రికార్డులో అసలు ఇంటిపేరే ఉండదు, ‘రావు’ ఇంటిపేరైపోతుంది. తండ్రి పేరులోని రావు కొడుకుకీ కూతురికీ కూడా ఇంటిపేరుగా ఎక్కిన ఇళ్లు ఈ కాలనీల్లో తక్కువేం కాదు. పేర్లు కలవకపోతే మార్కులు ఒకరివి, ఖాతా ఇంకొకరిది అయినట్టు లెక్క. అందుకని ఏ కోర్సులోనూ చేరక ముందే ఆధార్, పదో తరగతి సర్టిఫికెట్, డిజీలాకర్ మూడూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం పోల్చండి. తేడా ఉంటే ముందు అది సరిచేయించండి. నెల పట్టినా పట్టనీయండి.

ఇళ్లలో ఉన్న ఆడవాళ్ల గురించి కూడా చెప్పాలి. శ్రీకాకుళం వైపు ఇంటర్ పాసై, పెళ్లయి ఇక్కడికి వచ్చి, చదువు అక్కడితో ఆపేసిన అమ్మాయిలు ఈ క్వార్టర్లలో ఎందరో ఉన్నారు. డిగ్రీలో చేరడానికి వాళ్ల ఆంధ్ర ఇంటర్మీడియట్ సర్టిఫికెట్ ఇక్కడ చెల్లుతుంది. ఇంటర్ బోర్డు నుంచి మైగ్రేషన్ సర్టిఫికెట్ తెప్పించుకోవాలి. సెలవులకు ఊరెళ్లినప్పుడే ఆ పని చూసుకుంటే మేలు. చిక్కల్లా భాషతోనే. తెలుగు మీడియంలో చదివినవాళ్లకు ఇక్కడ పరీక్ష హిందీలోనో ఇంగ్లీషులోనో ఉంటుంది. డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో తెలుగులో రాయవచ్చు, కానీ దాని కేంద్రాలు ఇక్కడ లేవు. బిలాస్‌పూర్ నుంచి పరీక్షలకు తిరగడం పిల్లల తల్లికి సాధ్యమయ్యే పని కాదు. వీళ్లకు స్వయం మరో విధంగా ఉపయోగపడుతుంది. యూనివర్సిటీలో ఇంకా చేరక ముందే, క్రెడిట్ ఆశ లేకుండా, పరీక్ష ఫీజు కట్టకుండా, ఒక ఉచిత కోర్సు పూర్తిగా వినండి. ఇంగ్లీషు పాఠం చెవికి అలవాటవుతుంది, పుస్తకం తెరిస్తే భయం తగ్గుతుంది. ఎన్‌పీటెల్‌లో కొన్ని కోర్సుల పాఠాలకు తెలుగు అనువాదం కూడా దొరుకుతుంది. నెట్ సరిగా రాని ఇంట్లో ఫ్రీ డిష్ ఉంటే స్వయంప్రభ ఛానెళ్లు చూడవచ్చు.

ఏ పేపరును స్వయం నుంచి తెచ్చుకోవాలి? ప్రాక్టికల్స్ ఉన్నవి వద్దు. కష్టమైన మెయిన్ సబ్జెక్టు మొదటిసారే వద్దు. ఎలెక్టివ్‌లు, స్కిల్ పేపర్లు, కంప్యూటర్ లేదా కమ్యూనికేషన్ లాంటివి బాగా కుదురుతాయి. మొదటి సెమిస్టర్‌లో ఒక్కటే తీసుకోండి. అది పాసై, క్రెడిట్ మీ ఖాతాలో కనిపించాకే రెండోది. కోర్సులు ఏడాదికి రెండుసార్లు, జనవరిలో, జులైలో మొదలవుతాయి. జనవరికి చేరాలంటే నవంబర్‌లోనే యూనివర్సిటీ ఆఫీసుకి వెళ్లాలి. రెస్టు ఉన్న పనిరోజు చూసుకుని, ఆధార్, మార్కుల షీట్లు, మీ ప్రోగ్రామ్ సిలబస్, స్వయంలో మీరు చూసిన కోర్సు సిలబస్ ప్రింటు పట్టుకెళ్లండి. రెండు సిలబస్‌లూ ఎదురుగా పెడితే ఆఫీసర్‌కి అవుననో కాదనో తేల్చి చెప్పడం తేలికవుతుంది. కాదంటే దానికి బదులు ఏది చెల్లుతుందో అక్కడే రాయించుకుని రండి.