అడవి నేలల్లో మైకోరైజా శిలీంధ్రాలు – భూవినియోగ ప్రభావం

ఏలూరు జిల్లా ఉత్తరాన పోలవరం, బుట్టాయగూడెం అడవుల్లో మైకోరైజా శిలీంధ్రాలు టేకు, వెదురు వేళ్ళను ఆశ్రయించి జీవిస్తాయి. వేరు అందుకోలేని చోటి నుండి భాస్వరాన్ని గ్రహించి మొక్కకు అందించి, ప్రతిగా చక్కెరలను పొందుతాయి. సజీవమైన వేరు లేనిదే ఇవి వృద్ధి చెందలేవు.

అడవి తోటగా మారినపుడు ఈ బంధం సడలుతుంది. జీడిమామిడి, కోకో, ఆయిల్‌పామ్ కూడా వీటికి ఆశ్రయమివ్వగలవు. కనుక పంట ఎంపికతో పాటు యాజమాన్యమూ కీలకమే. పదేపదే దున్నితే శిలీంధ్ర తంతువులు తెగిపోతాయి. భాస్వరం మితిమీరితే వేళ్ళలో శిలీంధ్రాల వ్యాప్తి తగ్గుతుంది. వరుసల మధ్య నేలను బోసిగా ఉంచితే ఆశ్రయమే కరువవుతుంది.

తమ్మిలేరు చేరే కొల్లేరులో సమస్య మరింత జటిలం. చేపల చెరువుల అడుగున ప్రాణవాయువు కొరవడుతుంది, ఆశ్రయమిచ్చే వేళ్ళూ ఉండవు. 2006లో అభయారణ్యంలోని చెరువు గట్లను తొలగించారు. అయితే గట్టు పోయినంత మాత్రాన ఈ శిలీంధ్రాలు తిరిగి రావు. ముందు వేరు రావాలి.

కావున మెట్ట తోటల్లో భూసార పరీక్షను అనుసరించి భాస్వరం వేయాలి, దుక్కి తగ్గించాలి, వరుసల మధ్య జనుము, పిల్లిపెసర పెంచాలి. ఆవ జాతి పైర్లు సాధారణంగా ఈ శిలీంధ్రాలకు ఆశ్రయమివ్వవు. గట్లపై మిగిలిన అడవి చెట్లను కాపాడితే, వాటి వేళ్ళే కొత్త తోటకు శిలీంధ్ర బీజాల నిధి అవుతాయి.