మొండితనమా? అనారోగ్యమా?

‘మొక్కై వంగనిది మానై వంగునా’ అన్న సామెతను మనం తరచుగా బెత్తానికి సమర్థనగా వాడుకుంటాము. కాని మొక్క వాడినప్పుడు తోటమాలి దానిని దండించడు. మొదట వేరును పరిశీలిస్తాడు. బడి యీడు రాని పసివారి విషయంలోనూ మనం చేయవలసినది అదే.

గోదావరిఖని, రామగుండం ప్రాంతంలో సింగరేణి గనుల పని షిఫ్టులుగా సాగుతుంది. రాత్రి షిఫ్టు చేసి వచ్చిన తండ్రి పగలు నిద్రపోవాలి. ఇరుకు క్వార్టరులో పసివాడు నోరు మెదపరాదు. షిఫ్టు మారితే ఇంటిల్లిపాది వేళలూ మారుతాయి. మూడు, నాలుగేళ్ల బిడ్డకు రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. అది కరువైన బిడ్డ సాయంకాలం నేలబడి దొర్లితే ‘మొండిఘటం’ అంటాము.

ఇతర కారణాలూ ఉన్నాయి. చెవి కారే బిడ్డకు మాట సరిగా వినబడకపోవచ్చు. పిలిస్తే పలకనందుకు ‘పెంకి’ అంటాము. రక్తహీనత గల బిడ్డ నీరసించి విసుగుపడితే ‘సోమరి’ అంటాము. మాటలు ఆలస్యమైన బిడ్డ తన కోరిక చెప్పలేక కొరుకుతాడు, కొడతాడు, ‘దుడుకువాడు’ అంటాము. పేరు పెట్టడం సులభం, కారణం వెదకడం కష్టం.

రెండు, మూడేళ్ల వయస్సులో మారాం సహజమే. అయితే అది వారాల తరబడి తగ్గక ఆటకు, తిండికి, నిద్రకు అడ్డమైనా, వచ్చిన మాటలు పోయినా వైద్యునికి చూపాలి. తల్లులు జ్వరమైతే చెబుతారు. ‘మాట వినడు’ అన్నది దవాఖానాలో చెప్పవలసిన సంగతి కాదనుకుంటారు. అసలు చిక్కు ఇక్కడే ఉన్నది.

ఆరోగ్యమంటే రోగం లేకపోవడం మాత్రమే కాదని, అది శారీరక, మానసిక, సామాజిక క్షేమమని 1978 నాటి ఆల్మా ఆటా ప్రకటన చాటింది. మన దేశంలో 1975 అక్టోబరు 2న ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం అంగన్‌వాడీలను ఇచ్చింది. 2013లో వచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ప్రకారం వైద్యబృందం ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీ పిల్లలను పరీక్షించాలి. ఎదుగుదలలోని జాప్యాన్ని గుర్తించి పై ఆసుపత్రికి పంపాలి.

చికిత్స అంటే మందులే కాదు. తండ్రి షిఫ్టు మారినా బిడ్డ నిద్రవేళ మారకుండా చూడడం, ఒకసారి ఒకే మాట చెప్పడం, విన్నప్పుడు మెచ్చుకోవడం, చేయి చేసుకోకపోవడం కూడా చికిత్సే.

విద్యార్థులారా! మీ ఇంట తమ్ముడో చెల్లెలో ఉంటే, ఈసారి వైద్యబృందం వచ్చిన నాడు మీరే వెంట వెళ్లండి. బరువు తూచి పంపుతుంటే ఒక్క క్షణం ఆగి, వాని అలవాట్లు కూడా చెప్పండి. కొట్టబోయిన చేతితో ఆ చిన్ని చేయి పట్టుకొని నడిపించండి.